సెరెండిపిటీ అంటే ఉత్త అదృష్టమేనా?

పోటీ పరీక్షల పుస్తకాల వెనక కఠిన పదాల జాబితా ఒకటి ఉంటుంది. ఎడమవైపు ఇంగ్లిష్ మాట, కుడివైపు ఒకటి రెండు మాటల్లో అర్థం. నెల్లూరులో, ఒంగోలులో కోచింగ్ సెంటర్ల చుట్టూ గదులు అద్దెకు తీసుకుని బ్యాంకు ఉద్యోగాలకు చదివే పిల్లలు బట్టీ పట్టేది ఇలాంటి జాబితాలనే. వాటిలో ‘సెరెండిపిటీ’ అనే మాటకు ఎదురుగా చాలాసార్లు ‘అదృష్టం’ అనో ‘గుడ్ లక్’ అనో కనిపిస్తుంది. అది పూర్తిగా తప్పని అనలేం గానీ సగమే. లక్ అనే చిన్న మాట చేతిలో ఉండగా ఇంగ్లిష్‌వాళ్ళకు ఇంత పొడుగు మాట ఎందుకు కావలసి వచ్చిందో ఆ సగంతో తేలదు. వదిలేసిన సగంలో మనిషి ఉన్నాడు, అతని చూపు ఉంది. ఈ మాటను అదృష్టంతో సరిపెడితే ఆ మనిషి లెక్కలోంచి జారిపోతాడు.

చాలా మాటలు ఎప్పుడు, ఎవరి నోట పుట్టాయో ఎవరూ చెప్పలేరు. దీనికి మాత్రం పుట్టినరోజు ఉంది: 1754 జనవరి 28. బ్రిటన్ తొలి ప్రధానిగా చెప్పుకునే రాబర్ట్ వాల్‌పోల్ కొడుకు హొరేస్ వాల్‌పోల్, ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఉన్న స్నేహితుడు హొరేస్ మాన్‌కు ఆ రోజు ఉత్తరం రాశాడు. మాన్ అంతకుముందు అతనికి బియాంకా కాపెల్లో అనే ఇటలీ రాజవంశపు స్త్రీ చిత్రపటం పంపాడు. వెనిస్ వంశచిహ్నాల పాత పుస్తకం తిరగేస్తుంటే వాల్‌పోల్‌కు ఆమె వంశం గురించి ఆసక్తికరమైన సంగతి ఒకటి కంటపడింది. ఇలా అనుకోకుండా దొరికేవాటికి తానొక పేరు పెట్టుకున్నానని, ఒకప్పుడు చదివిన సెరెండిప్ రాకుమారుల కథలోంచి ఆ పేరు తీశానని స్నేహితుడికి వివరించాడు. ఆ ముగ్గురు రాకుమారులూ ప్రయాణంలో తాము వెతకని వాటిని కనిపెడుతూ ఉంటారు. వాళ్ళకు సాయపడేవి రెండు. ఒకటి యాదృచ్ఛికంగా ఎదురయ్యే సంఘటన, రెండోది చురుకైన బుద్ధి. వాల్‌పోల్ ఇంకో షరతు కూడా పెట్టాడు. వెతుకుతున్న వస్తువే దొరికితే దానికి ఈ పేరు చెల్లదన్నాడు.

ఉదాహరణగా అతను చెప్పిన కథ తెలుగు పిల్లలకు కొత్త కాదు. దారి పక్క గడ్డి ఒకవైపే మేసి ఉంది. అవతలివైపు గడ్డి ఇంకా బాగున్నా దాన్ని ముట్టలేదు. అంటే అటుగా వెళ్ళిన జంతువుకు ఆ వైపు కన్ను కనిపించదు. వాల్‌పోల్ ఆ జంతువును కంచరగాడిద అని రాశాడు. పాత కథలో అది ఒంటె. తప్పిపోయిన ఒంటెను కళ్ళతో చూడకుండానే దాని గుడ్డికన్ను, కుంటికాలు చెప్పేసే తెలివిపరుల కథ మన పల్లెల్లోనూ చెప్పుకునేదే. యూరప్‌లో ఇది 1557లో వెనిస్‌లో ఇటాలియన్ భాషలో అచ్చయింది. అంతకు రెండున్నర శతాబ్దాల ముందే, 1302లో, ఢిల్లీలో అమీర్ ఖుస్రో పారశీకంలో రాసిన ‘హష్త్ బిహిష్త్’ కావ్యంలో దీని మూలాలు ఉన్నాయి.

సెరెండిప్ అంటే శ్రీలంక. అరబ్బు నావికులు ఆ దీవిని సరన్‌దీబ్ అనేవారు. అది సింహళద్వీపం అనే సంస్కృత నామం నుంచి వచ్చిందని ఎక్కువమంది పండితులు చెబుతారు. ఆ లెక్కన సెరెండిపిటీ నడుమ ఉన్న ‘దిప్’, పులికాట్ సరస్సులోని ఇరకం దీవి పేరులో ఉన్న ‘దీవి’ ఒకే కుదుటివి. ద్వీపం అనే మాట అరబ్బు, పారశీక, ఇటాలియన్ నోళ్ళలో నానుతూ, సముద్రాల మీదుగా తిరిగి లండన్ చేరి, అక్కడినుంచి మళ్ళీ మన పరీక్షల పుస్తకంలోకి వచ్చింది. కఠిన పదం అని బెదిరే విద్యార్థికి ఈ చుట్టరికం చెబితే మాట చప్పున గుర్తుండిపోతుంది.

పుట్టాక చాలాకాలం ఇది నిద్రలోనే ఉంది. వాల్‌పోల్ ఉత్తరాలు 1833లో అచ్చయ్యాకే నలుగురికీ తెలిసింది. ఆ తర్వాత కూడా పుస్తకాలు సేకరించేవాళ్ళు, పాత వస్తువుల మీద మోజు ఉన్నవాళ్ళు మాత్రమే వాడేవారు. దీనికి నిజంగా ఊపు వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలో, శాస్త్రవేత్తలు పట్టుకున్నాక. సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఈ మాట చరిత్ర మీదే ఎలినోర్ బార్బర్‌తో కలిసి పెద్ద పుస్తకం రాశాడు. 1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గాజుపళ్ళెంలో బూజు చేరి పెన్సిలిన్ బయటపడిన కథ అందరికీ తెలిసిందే కాబట్టి విస్తరించనక్కర్లేదు. అందులో ఒక్క సంగతి చాలు. బూజు పట్టిన పళ్ళేలు ఎన్నో ప్రయోగశాలల్లో ఉండేవి, కడిగి పారేసేవారు. ఫ్లెమింగ్ పారేయకుండా బూజు చుట్టూ సూక్ష్మజీవులు ఎందుకు చచ్చాయని చూశాడు. పరిశీలన జరిగే చోట యాదృచ్ఛికం సిద్ధంగా ఉన్న మనసుకే అనుకూలిస్తుందని లూయీ పాశ్చర్ 1854లోనే చెప్పాడు.

ఇంతదూరం వెళ్ళకుండానే ఈ మాటను నెల్లూరు మట్టిలో పరీక్షించి చూడవచ్చు.

1786 ప్రాంతంలో నెల్లూరుకు దగ్గర్లో ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం అడ్డం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దానికింద ఒక కుండ. కుండలో రోమన్ బంగారు నాణేలు. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మాడు. చాలా నాణేలు కరిగిపోయాయి. ముప్ఫైకి పైగా మాత్రం అప్పటి నవాబు కుటుంబం చేతికి చేరి మిగిలాయి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిని చూసి 1787 జులైలో రాసిన ఉత్తరం, తర్వాత ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ సంపుటంలో అచ్చయింది. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల నాణేలు, ఫౌస్టీనా రాణి నాణేలు అందులో ఎక్కువని, కొన్ని టంకశాలలోంచి నిన్ననే వచ్చినట్టు మెరుస్తున్నాయని, కొన్నింటికి చిల్లులున్నాయని అతను రాశాడు. చిల్లులున్నాయంటే ఎవరో మెడలో వేసుకున్నారన్నమాట.

ఈ ఒక్క సంఘటనలో ఇంగ్లిష్‌లోని రెండు వేర్వేరు మాటలు విడివిడిగా కనిపిస్తాయి. రైతుకు జరిగింది విండ్‌ఫాల్. మన మాటల్లో లంకెబిందె దొరకడం. అతను దేన్నీ వెతకలేదు, బంగారం దొరికింది, బంగారం ధరకే అమ్మాడు. అతన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఇంట్లో గింజలు కావాలి, ఆ బొమ్మలు ఎవరివో చెప్పేవాళ్ళు లేరు. కానీ నాణెం మీది ముఖం చూసి ఇది రెండో శతాబ్దపు రోమ్, ఇంతదూరం ఎలా వచ్చింది అని ఆగినవాడి దగ్గర సెరెండిపిటీ మొదలవుతుంది. భారతదేశం ఏటా అయిదు కోట్ల సెస్టర్స్‌లు (రోమన్ నాణేలు) లాగేసుకుంటోందని రోమన్ రచయిత ప్లినీ మొదటి శతాబ్దంలోనే వాపోయాడు. ఆ వాపోత చదివినవాడికి నెల్లూరు కుండ ఒక సాక్ష్యం, చదవనివాడికి తులాల లెక్క. బంగారం అదే, దొరికిన తీరూ అదే. తేడా అంతా చూసిన కంటిలో ఉంది, ఆ తేడాకే ఇంగ్లిష్‌లో ఇంకో మాట అవసరమైంది.

ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఒంగోలు పశువులది. దీన్ని అదృష్టమని సరిపెట్టుకుంటే నష్టపోయేది మన రైతులే. 1868లో ఇంగ్లండ్ వెళ్ళవలసిన ఓడ ఒకటి బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో ఆగిందని, అందులో ఉన్న ఒంగోలు జతను అక్కడే అమ్మేశారని బ్రెజిల్ పశుపోషకులు తమ చరిత్రలో రాసుకున్నారు. దానికి పదేళ్ళ తర్వాత, 1878లో, రియో డి జనీరో ప్రాంతపు పశుపోషకుడు మనోయెల్ లెంగ్రూబర్ జర్మనీలోని హాంబర్గ్ జూలో ఉన్న ఒంగోలు జతను కొని తెచ్చుకున్నాడు. తర్వాత 1962 దాకా విడతలు విడతలుగా మన కోస్తా నుంచి పశువులు వెళ్ళాయి. ఇవాళ బ్రెజిల్‌లో ఇరవై కోట్లకు పైగా పశువులుంటే వాటిలో అధికభాగం ఒంగోలు రక్తం ఉన్నవే. వయాటినా-19 అనే ఆవుకు నలభై లక్షల డాలర్లకు పైగా విలువ కట్టారని 2023లో పత్రికలన్నీ రాశాయి. అక్కడివాళ్ళు ఈ జాతిని ‘నెలోర్’ అంటారు. ఒంగోలు పశువుకు నెల్లూరు పేరెందుకంటే అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్ళింది, 1970లో ఇప్పటి ప్రకాశం జిల్లాకు కేంద్రమైంది.

ఇందులో ఏది యాదృచ్ఛికం, ఏది కాదు? ఓడ ఆగడం, పశువులు అక్కడ అమ్ముడుపోవడం యాదృచ్ఛికమే. అంతటితో ఆగిపోయి ఉంటే అదొక చిన్న ముచ్చటగా మిగిలేది. జూకి వచ్చేవాళ్ళందరికీ ఎత్తు మూపురం, వేలాడే గంగడోలు ఉన్న ఆ తెల్లని పశువు ఒక వింత. ఉష్ణదేశంలో మంద మేపుకునేవాడికి మాత్రం అది తన ఎండకు, తన గడ్డికి, తన ఊరి గోమార్లకు తట్టుకునే పశువు. లెంగ్రూబర్ దగ్గర ఉన్న ఆ అనుభవాన్నే వాల్‌పోల్ చురుకైన బుద్ధి అన్నాడు. దీనికి వెనక ఇంకో బుద్ధి కూడా ఉంది. గుండ్లకమ్మ, మన్నేరు పరీవాహకంలో రైతులు తరతరాలుగా ఏ కోడెను ఆబోతుగా వదలాలి, ఏ పెయ్యను నిలుపుకోవాలి అని ఎంచి ఎంచి తీర్చిదిద్దిన జాతి అది. జొన్నచొప్ప మేసి, మండే ఎండలో బరువు లాగే పశువు దానంతటది తయారు కాలేదు. బ్రెజిల్‌కు అదృష్టం కలిసొచ్చింది అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ రైతుల పేరు కూడా ఓడలో ఎక్కి వెళ్ళిపోతుంది. ఇక్కడ వాడవలసిన మాట సెరెండిపిటీయే. ఓడ ఆగడానికి ఎంత చోటుందో, ఎంచుకున్న కంటికీ అంత చోటు ఆ మాటలో ఉంది.

ఏది సెరెండిపిటీ కాదో తెలియడానికి నెల్లూరు స్వర్ణాల చెరువుకు వెళ్ళాలి. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగలో కోరిక ఉన్నవాళ్ళు చెరువులో దిగి రొట్టె అందుకుంటారు. కోరిక తీరినవాళ్ళు మళ్ళీ వచ్చి అదే కోరిక ఉన్న ఇంకొకరికి రొట్టె ఇస్తారు. ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, చదువు రొట్టె, ఇల్లు రొట్టె, వీసా రొట్టె. కులం, మతం అడగని ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఎంతో గొప్పది. అయితే ఉద్యోగం రొట్టె పట్టినవాడికి ఉద్యోగం వస్తే దాన్ని దేవుడి దయ అనవచ్చు, అదృష్టం అనవచ్చు, సెరెండిపిటీ అనకూడదు. ఏం కావాలో పేరు పెట్టి అడిగి మరీ తెచ్చుకున్నాడు కాబట్టి. అదే మనిషికి చెరువు గట్టు మీద ఎప్పటి స్నేహితుడో కలిసి, అతని మాటల్లోంచి తన చేతిపనికి సరిపడే వ్యాపారం ఆలోచన తట్టి, ఉద్యోగం సంగతి పక్కనపెట్టి అందులో నిలదొక్కుకుంటే, అప్పుడు ఆ మాట అతికినట్టు సరిపోతుంది.

కలివి కోడి అనే అరుదైన పక్షి సంగతి కూడా ఇలాంటిదే. 1840లలో నెల్లూరులో ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డన్‌కు పక్షుల పిచ్చి. తూర్పు కనుమల అడవి గురించి యానాదుల దగ్గర ఎంతో నేర్చుకున్నాడు. అతని పేరుతోనే ఈ పక్షి శాస్త్రలోకానికి తెలిసింది. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందని అందరూ అనుకున్నాక, 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్ళీ దొరికింది. దీన్ని సెరెండిపిటీకి ఉదాహరణగా చెప్పబోవడం పొరపాటు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు పనిగట్టుకుని వెతికారు, ఊళ్ళలో అడిగారు, చివరికి అడవి తెలిసిన స్థానిక వేటగాడి చేతికి రాత్రిపూట చిక్కింది. అది అన్వేషణ ఫలించడం. అందులో అదృష్టం పాలు ఉండవచ్చు గానీ, వాల్‌పోల్ షరతు ప్రకారం ఈ పేరు చెల్లదు. ‘వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు’ అనే మన సామెత కూడా ఇదే కారణం చేత సెరెండిపిటీకి సరిపోదు. చాలామంది అనువాదకులు ముందుగా దానిమీదకే వెళ్తారు, కానీ అందులో తీగ కోసం బయలుదేరడం ముందే ఉంది.

నిజానికి అదృష్టంలోని రకరకాల ఛాయలకు తెలుగులో మాటల కరువు లేదు. ఉత్తపుణ్యానికి మేలు జరిగితే నక్కతోక తొక్కాడంటాం. ఉన్న మంచికి ఇంకో మంచి తోడైతే రొట్టె విరిగి నేతిలో పడిందంటాం. రెండు సంఘటనలు సంబంధం లేకుండా ఒకేసారి జరిగితే కాకతాళీయం. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒక్కసారే జరిగినా ఒకదానివల్ల ఒకటి కాదు. ఇంగ్లిష్‌లో కోఇన్సిడెన్స్ అనేది అదే. పురుగు కర్రను తొలుస్తూ పోతే ఆ గీత అక్షరంలా కనపడటం ఘుణాక్షర న్యాయం. చేసినవాడికి తెలియకుండా పని కుదిరిపోవడం. గాలివాటం అనే వాడుక మాట కూడా దీనికి దగ్గరే. కుర్రాళ్ళు క్యారమ్స్ ఆడుతూ ఫ్లూక్ అనేది దీన్నే. ఆ ఇంగ్లిష్ మాట కూడా బిలియర్డ్స్ బల్ల దగ్గర వాడుకలోకి వచ్చిందే కావడం విశేషం.

విండ్‌ఫాల్ అనే మాట దగ్గర మాత్రం కాస్త ఆగాలి. గాలికి రాలిన పండు అని దాని మొదటి అర్థం. ఎక్కనక్కర్లేదు, కోయనక్కర్లేదు, నేల మీద దొరికిన లాభం. కంపెనీలకు తమ ప్రమేయం లేకుండా వచ్చిపడే లాభాల మీద వేసే పన్నును విండ్‌ఫాల్ టాక్స్ అంటారు. ముడిచమురు మీద మన దేశం 2022 జులైలో వేసి 2024 డిసెంబరులో ఎత్తేసింది అలాంటి పన్నునే. ఉలవపాడు మామిడి తోటల్లో ఈ మాటను అక్షరాలా చెబితే రైతు ఒప్పుకోడు. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలికి రాలిన కాయ అతనికి లాభం కాదు, కౌలు డబ్బు మునగడం. పచ్చడికాయ ధరకు, వచ్చినకాడికి అమ్ముకోవాలి. తోట పక్కన ఏరుకునే పిల్లలకు మాత్రం అది పండగే. ఎవరి కాయ, ఎవరి నేల అన్నదాన్ని బట్టి అదే గాలి అదృష్టమో దురదృష్టమో అవుతుంది. ఇంగ్లిష్ మాటల్ని అక్షరం వెంట అక్షరం తెలుగులోకి దించకూడదనేది ఇందుకే.

ఇక వాడుక. సెరెండిపిటీ నామవాచకం, సెరెండిపిటస్ విశేషణం. పలికేటప్పుడు ఊనిక ‘డిప్’ మీద పడాలి. పరీక్షకు వెళ్ళే తమ్ముడికి ‘ఆల్ ద బెస్ట్’ అనవచ్చు, ‘గుడ్ లక్’ అనవచ్చు, ‘సెరెండిపిటీ’ అని శుభాకాంక్ష చెప్పకూడదు. ముందే ఎదురుచూసే ఫలితానికి ఇది కుదరదు. కష్టపడి సాధించిన ర్యాంకుకూ వాడకూడదు, చదివినవాడిని అవమానించినట్టవుతుంది. రద్దీ బస్సులో సీటు దొరికితే లక్కు చాలు. ఆ సీటు పక్కన కూర్చున్న పెద్దాయన మాటల్లో ఇన్నాళ్ళూ అంతుపట్టని తన పొలం చౌడు సమస్యకు దారి ఉందని గ్రహిస్తే, అక్కడ సెరెండిపిటీ.

ఇప్పుడు నిఘంటువులు కూడా ఈ మాటకు ‘సంఘటనలు అనుకోకుండా మేలుగా కలిసిరావడం’ అనే వదులు అర్థాన్ని ఒప్పుకుంటున్నాయి. విల్లాలకు, బట్టల షాపులకు పేరుగా పెడుతున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెళ్ళి ఫొటోల కింద రాస్తున్నారు. మాటలు జనం నోట్లో అరగడం సహజం, దాన్ని ఎవరూ ఆపలేరు. పెళ్ళిచూపులకు వెళ్ళి కుదుర్చుకున్న సంబంధానికి మాత్రం అది తగదు. రైలు తప్పి వేరే బండి ఎక్కితే పరిచయమైన మనిషితో పెళ్ళయితే నిక్షేపంగా రాసుకోవచ్చు.

తెలుగులో రాసేటప్పుడు దీనికి బలవంతంగా ఒక సంస్కృత సమాసం అతికించడం కన్నా సెరెండిపిటీ అనే ఉంచి, మొదటిసారి వాడిన చోట ‘వెతకనిది ఎదురైతే దాని విలువ పసిగట్టడం’ అని వాక్యంలోనే విప్పి చెప్పడం మేలు. పరీక్షలో నాలుగు ఆప్షన్లలో ‘గుడ్ లక్’, ‘అనుకోకుండా మేలైన విషయం కనుగొనడం’ రెండూ ఉంటే టిక్ పెట్టవలసింది రెండోదానికి. మొదటిది ఒక్కటే ఉంటే దానికే పెట్టి మార్కు తెచ్చుకోవాలి. వ్యాసరచన పేపర్లో మాత్రం ఒంగోలు గిత్తను, నెల్లూరు నాణేలను ఉదాహరణగా రాసే అవకాశం వదులుకోకూడదు. వాటి గురించి రాయగల హక్కు ఈ జిల్లాల పిల్లలకు అందరికన్నా ఎక్కువ.